రేపటి పాఠం మారిందా?

పల్లెల్లో పిల్లలకు చదవడం ఏమాత్రం వచ్చిందో తేల్చడానికి ‘అసర్’ సర్వే వాడే పనిముట్టు ఒకే ఒక్క కాగితం. దాని మీద కొన్ని అక్షరాలు, కొన్ని తేలిక పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా ఒకటి, రెండో తరగతి స్థాయి చిన్న కథ ఒకటి అచ్చువేసి ఉంటాయి. ‘ప్రథమ్’ సంస్థ చొరవతో 2005లో మొదలైన ఈ సర్వే కార్యకర్తలు బడికి వెళ్లి మార్కుల రిజిస్టరు అడగరు. ఇంటికి వెళ్లి, పిల్లల్ని ఒక్కొక్కరినే పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తారు. 2022లో వాళ్లు తేల్చిన లెక్క ప్రకారం మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి కథను చదవగలిగినవారు దేశం మొత్తమ్మీద 20.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 10.3 శాతం. తెలంగాణలో 5.2 శాతం. ప్రభుత్వ, ప్రైవేటు బడులు రెండింటినీ కలిపి వేసిన అంకెలివి. కరోనా కాలంలో బడులు మూతపడిన మాట నిజమే. కానీ అంతకుముందు 2018లోనూ ఈ అంకె ఆంధ్రప్రదేశ్‌లో 22.6, తెలంగాణలో 18.1 మాత్రమే. బడులు సజావుగా నడుస్తున్న రోజుల్లోనే ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురు తమకంటే కింది తరగతి పాఠం చదవలేకపోయారన్నమాట. మహమ్మారి పరిస్థితిని ఇంకా దిగజార్చింది. మూలం మాత్రం దానికి ముందే ఉంది.

ఈ అంకెల్ని పట్టుకుని తెలుగు పిల్లలు హిందీ పిల్లలకంటే వెనకబడ్డారని తీర్మానించడం తొందరపాటు. లిపి వేరు, పదాల పొడవు వేరు, కాగితం మీది కథ వేరు. కానీ ఒకే రాష్ట్రంలో, ఒకే భాషలో నాలుగేళ్ల తేడాతో వచ్చిన అంకెల్ని పోల్చడానికి ఏ అభ్యంతరమూ ఉండనక్కర్లేదు. 2024 సర్వేలో దేశవ్యాప్తంగా కోలుకున్న జాడలు కనిపించాయి. ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల సంఖ్యే తీసుకుంటే, 2018లో 20.9 శాతంగా ఉండి 2022లో 16.3కు పడిపోయినది 2024కు 23.4కు చేరింది. పెరుగుదల సాధ్యమేనని తెలిసింది. మరి ఏం చేస్తే పెరుగుతుంది, ఏం చేసినా పెరగనిది ఏది అన్నదే ఇప్పుడు తేల్చుకోవాల్సిన విషయం. దీనికి జవాబు చెప్పగల ఆధారాలు మన దగ్గర చాలానే ఉన్నాయి. వాటిలో కొన్ని మన తెలుగు పల్లెల్లోనే పుట్టాయి కూడా. అవన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయని నా అభిప్రాయం: పిల్లల చదువును కొలిచిన ఏ కొలత అయినా, మర్నాడు ఆ పిల్లలకు చెప్పే పాఠాన్ని మారిస్తేనే పనికొస్తుంది. మార్చకపోతే ఎంత గొప్ప లక్ష్యం రాసుకున్నా, ఎన్ని పరీక్షలు పెట్టినా, బడి ఉన్నచోటే ఉంటుంది.

మూడో తరగతి దగ్గరే ఇంత పట్టింపు ఎందుకు? ఆ తరగతి దాటాక బడి తీరే మారిపోతుంది. నాలుగో తరగతి పరిసరాల విజ్ఞానం పుస్తకం, ఈ పిల్లకు చదవడం వచ్చు అన్న నమ్మకంతోనే మొదలవుతుంది. లెక్కల పుస్తకంలోని రాత లెక్కలూ అంతే. చదవలేని పిల్లకు ఆ రోజునుంచి తెలుగు ఒక్కటే పోదు, అన్ని సబ్జెక్టులూ కలిసి పోతాయి. అమెరికా పరిశోధకురాలు కాన్నీ జూయెల్ 1988లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకటో తరగతి చివర చదవడంలో వెనకబడిన పిల్లలు నాలుగో తరగతి చివర కూడా అలాగే ఉండిపోయే అవకాశం 88 శాతం ఉందని తేలింది. అది ఒక్క బడిలో కొద్దిమంది పిల్లల మీద చేసిన అధ్యయనమే, నిజమే. కానీ దాని వెనకున్న క్రమం అర్థం చేసుకోవడం కష్టం కాదు. చదవడం వచ్చిన పిల్ల ఇంకా చదువుతుంది, కొత్త మాటలు నేర్చుకుంటుంది, దాంతో మరింత సులువుగా చదువుతుంది. రాని పిల్ల పుస్తకానికి దూరం జరుగుతుంది. ఏడాది గడిచేకొద్దీ ఆ దూరం దానంతటదే పెరుగుతుంది. తరువాత పూడ్చుదామంటే కుదరని లోటు ఇది.

మన లిపి దగ్గర కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే చదివించే ప్రణాళికలన్నీ దీన్నే తేలిగ్గా దాటేస్తాయి. ఇంగ్లిషు నేర్చుకునే పిల్లకు అక్షరాలు 26. మన వర్ణమాల సంప్రదాయంగా 56. అక్కడితో అయిపోలేదు, అసలు పని అక్కడే మొదలవుతుంది. ప్రతి హల్లుకూ తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము, ఏత్వం, ఓత్వం చేర్చిన గుణింతం ఉంది. దాని మీద ద్విత్వాలు, సంయుక్తాలు. ద వత్తు, చ వత్తు అసలు హల్లును పోలి ఉంటాయి కాబట్టి పిల్ల ఊహించగలదు. మ, య, ర, న వత్తులు అసలు రూపాన్ని ఏమాత్రం పోలవు, విడిగా నేర్పాల్సిందే. ఇలా పిల్ల కంటికి అలవాటు కావాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. మన లిపికి తోబుట్టువైన కన్నడంలో పిల్లలు చదవడం ఎలా నేర్చుకుంటారో పరిశీలించి పరిశోధకురాలు సొనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఈ రూపాలన్నీ పట్టుబడటం ఒకటి రెండేళ్లలో ముగిసే పని కాదు, నాలుగో తరగతి దాకా సాగుతుంది. కానీ మన బడిలో వర్ణమాల, గుణింతాలు ఒకటో తరగతిలో అయిపోయినట్టు లెక్క, వత్తులు రెండో తరగతిలో అయిపోయినట్టు లెక్క. మూడో తరగతి టీచరు ఆ పని ముగిసిందనుకుని వాచకం తెరుస్తారు. ‘పుస్తకం’ దగ్గర తడబడే పిల్లను మందబుద్ధి అనుకుంటారు. నేర్పడం మధ్యలో ఆగిపోయింది తప్ప ఆ పిల్ల బుర్రలో లోపం లేదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. అమ్మ, నాన్న, అక్క, అన్నం, బువ్వ: పిల్ల నోట మొదట పలికే మాటల్లో చాలావాటికి వత్తులున్నాయి. రాయడం కష్టమని వాటిని చివరికి నెట్టడం సంప్రదాయంగా వస్తోంది. రాయడం తరువాత నేర్పినా, బొమ్మ పక్కన ఆ మాటను గుర్తుపట్టి చదవడం మొదటి నెలల్లోనే నేర్పవచ్చు. చదవడాన్ని, రాయడాన్ని ఒకే తాడుతో కట్టేయడంవల్ల మొదటిది కూడా ఆలస్యమవుతోంది.

ఇక లక్ష్యాల సంగతి. కేంద్రం 2021 జులై 5న ‘నిపుణ్ భారత్’ను ప్రారంభించింది. 2026-27 నాటికి మూడో తరగతి ముగించే ప్రతి బిడ్డకూ అర్థం చేసుకుంటూ చదవడం, మూల గణితం రావాలన్నది దాని లక్ష్యం. అంతకు ఏడాది ముందు వచ్చిన జాతీయ విద్యావిధానమే, దేశంలో 5 కోట్లమందికి పైగా పిల్లలకు ఈ పునాది లేదని ఒప్పుకుంది. తెలంగాణ 2022 ఆగస్టు 15 నుంచి ‘తొలిమెట్టు’ మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 చివరినుంచే చదివించే ఉద్యమాలు ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి. దేశమంతటా 2022 జనవరి 1న వంద రోజుల పఠన కార్యక్రమం మొదలైంది. ఇవన్నీ మంచి ఉద్దేశంతో చేసినవే. చదవడాన్ని ప్రభుత్వాలు పేరుపెట్టి లక్ష్యంగా ప్రకటించడమే పెద్ద మార్పు, పదిహేనేళ్ల కిందట అది లేదు. బడిలో ఎంతమంది చేరారు, గదులు ఎన్ని కట్టారు అన్నదే అప్పటి లెక్క. కాబట్టి లక్ష్యాలు వద్దని నేను అనడం లేదు. లక్ష్యం రాసుకున్నాక జరిగేదేమిటి అన్నదే నా పట్టింపు.

దీనికి మొదటి ఆధారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే దొరికింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు 2000 దశకం మధ్యనుంచి ఇక్కడి ప్రాథమిక బడుల్లో వరసగా ప్రయోగాలు చేశారు. వాటిలో ఒకటి ఇది: లాటరీ పద్ధతిలో ఎంపికచేసిన బడుల్లో పిల్లలకు పరీక్ష పెట్టి, ఏ పిల్ల ఎక్కడ తడబడుతోందో వివరంగా రాసిన నివేదికను టీచర్లకు ఇచ్చారు. ఏడాది పొడవునా తరగతి గదుల్ని పరిశీలించారు కూడా. పరిశీలకులు ఉన్నప్పుడు ఆ టీచర్లు మిగతా బడులవారికంటే ఎక్కువ శ్రద్ధగా పాఠం చెప్పారు. ఏడాది చివర స్వతంత్రంగా పెట్టిన పరీక్షలో మాత్రం ఆ పిల్లలకూ, ఏ నివేదికా అందని బడుల పిల్లలకూ తేడా లేదు. 2010లో వెలువడిన ఈ ఫలితాన్ని మన విద్యాశాఖలు గుర్తుపెట్టుకుని ఉంటే ఎంతో శ్రమ మిగిలేది. జబ్బు ఏమిటో టీచరుకు తెలియకపోవడం సమస్య కాదు. తన తరగతిలో ఎవరికి చదవడం రాదో ఏ టీచరునైనా అడగండి, పేర్లతో సహా చెబుతారు. తెలిసిన తరువాత ఏం చేయాలి, ఏ గంటలో చేయాలి, మిగతా పిల్లల్ని అప్పుడు ఎవరు చూడాలి అన్నవాటికే ఆ నివేదికల్లో జవాబు లేదు.

రెండో ఆధారం హరియాణాది, అది ఇంకా సూటిగా ఉంటుంది. 2012-13లో మహేంద్రగఢ్, కురుక్షేత్ర జిల్లాల్లో 400 ప్రాథమిక పాఠశాలల్ని తీసుకుని రెండు పద్ధతుల్ని పక్కపక్కన పరీక్షించారు. ఒకటి మన టీచర్లందరికీ బాగా తెలిసిన నిరంతర సమగ్ర మూల్యాంకనం, అంటే మనం ఎఫ్ఏలు, ఎస్ఏలు అంటూ నడుపుతున్నదాని మూలం. రెండోది, రోజులో ఒక గంటసేపు మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని తరగతుల ప్రకారం కాకుండా ఎవరికి ఎంతవరకు చదవడం వచ్చో దాని ప్రకారం గుంపులు చేసి, అక్కడినుంచి నేర్పడం. అక్షరాలు రానివాళ్లు ఒకచోట, పదాల దగ్గర ఆగినవాళ్లు ఒకచోట, పేరా చదివేవాళ్లు మరోచోట. ఏడాది తిరిగేసరికి తరచూ మూల్యాంకనం చేసిన బడుల్లో పిల్లల చదువు అంగుళం కదల్లేదు. గుంపులు చేసి నేర్పిన బడుల్లో భాష స్పష్టంగా మెరుగైంది. లెక్కల్లో అలాంటి మార్పు రాలేదన్నదీ చెప్పాలి. రెండు పద్ధతులూ పిల్లల్ని కొలవడంతోనే మొదలవుతాయి. మొదటిదానిలో కొలత రిజిస్టర్లో చేరి ఆగింది. రెండోదానిలో అది పిల్ల మర్నాడు ఎక్కడ కూర్చోవాలో, చేతిలో ఏ పాఠం ఉండాలో నిర్ణయించింది.

మూడో ఆధారమైన మధ్యప్రదేశ్ అనుభవం బడి ప్రణాళికల గురించి. అక్కడ ప్రతి పాఠశాలకూ సమగ్రంగా మదింపు చేసి, దాని లోపాల ఆధారంగా అభివృద్ధి ప్రణాళిక రాయించి, అమలును పర్యవేక్షించే పెద్ద కార్యక్రమం నడిచింది. ప్రణాళికలు రాశారు, మదింపులు జరిగాయి, కాగితాలు అన్నీ సరిగ్గా చేరాయి. మురళీధరన్, మరో ఆర్థికవేత్త అభిజీత్ సింగ్ లెక్కతీసి చూస్తే బడి నడిచే తీరులోగానీ పిల్లల చదువులోగానీ మార్పు లేదు. అయినా ఆ నమూనా విజయవంతమైనదిగా పేరు తెచ్చుకుని లక్షల బడులకు విస్తరించింది. కాగితం పూర్తికావడాన్ని పని పూర్తికావడంగా పొరబడటం ఒక రాష్ట్రానికే పరిమితమైన జబ్బు కాదు. మన మండలాల్లో నెలనెలా పంపే పట్టికల్ని ఇదే కంటితో చూడాలి.

పనిచేసేది ఏమిటో కూడా ఆధారాలతోనే చెప్పవచ్చు. ఉత్తరప్రదేశ్‌లో 2013-14లో చేసిన ప్రయోగంలో, ప్రథమ్ కార్యకర్తలు బడివేళల్లోనే విడతలవారీగా మొత్తం 50 రోజులపాటు శిబిరాలు నడిపిన బడుల్లో పిల్లలు భాషలో, లెక్కల్లో బాగా పుంజుకున్నారు. అదే ప్రయోగంలో కేవలం పుస్తకాలు, సామగ్రి ఇచ్చి ఊరుకున్న బడుల్లో లాభం నామమాత్రం. అంతకుముందు ఉత్తరాఖండ్‌లో, బిహార్‌లో సామగ్రి ఇచ్చి, టీచర్లకు శిక్షణ ఇచ్చి వదిలేసిన చోటా పెద్ద ప్రయోజనం కనిపించలేదు. శిక్షణలో విన్నదాన్ని టైంటేబుల్లో పెట్టుకునే చోటు వాళ్లకు లేదు, అడిగేవారూ లేరు. హరియాణాలో అలా ఎందుకు జరగలేదంటే, బడుల్ని పర్యవేక్షించే సిబ్బందే ముందు కొన్ని రోజులు స్వయంగా పిల్లలకు ఈ పద్ధతిలో నేర్పి చూశారు. ఆ తరువాతే టీచర్లకు చెప్పారు, వారి పక్కన నిలబడ్డారు. పర్యవేక్షకుడు రిజిస్టరు మీద సంతకం పెట్టే మనిషిగా వస్తే ఒకలా ఉంటుంది, ‘ఈ గుంపును నేను చూస్తాను, మీరు దాన్ని చూడండి’ అనే మనిషిగా వస్తే ఇంకోలా ఉంటుంది. నా దృష్టిలో చదివించే సాయం అంటే ఈ రెండో మనిషే. ముంబయి, వడోదరల్లో ‘బాలసఖి’ పేరుతో స్థానిక యువతులు వెనకబడిన పిల్లలకు రోజూ రెండు గంటలు విడిగా నేర్పినప్పుడు, ఎక్కువ లాభపడింది అందరికంటే వెనకున్నవాళ్లే. పొరుగున తమిళనాడు 2021 చివర ‘ఇల్లం తేడి కల్వి’ పేరుతో దాదాపు 2 లక్షలమంది వాలంటీర్లతో సాయంత్రం తరగతులు నడిపింది. బడులు తెరిచిన ఆరు నెలల్లో పిల్లలు కోల్పోయినదానిలో మూడింట రెండొంతులు తిరిగి సంపాదించుకున్నారనీ, అందులో దాదాపు నాలుగోవంతు ఈ వాలంటీర్ల పుణ్యమేననీ అధ్యయనంలో తేలింది. ఏకోపాధ్యాయ పాఠశాలలు ఇన్ని ఉన్న మన రాష్ట్రాల్లో ఈ రెండో మనిషి విలాసం కానేకాదు.

దీనిమీద టీచర్లు లేవనెత్తే అభ్యంతరాలు తేలిగ్గా తీసేయదగ్గవి కావు. సిలబస్ ఎప్పుడు పూర్తిచేయాలి అన్నది మొదటిది. రోజుకో గంట తీసేస్తే వాచకం మిగిలిపోతుందన్నది నిజమే. అయితే చదవలేని పిల్లకు ఆ వాచకం పూర్తయినా ఒకటే, కాకపోయినా ఒకటే. సిలబస్ పూర్తయిందా అని అడిగే అధికారి, ఎంతమందికి అందిందని అడగడం మొదలుపెట్టేదాకా టీచరును తప్పుపట్టడం న్యాయం కాదు. కాబట్టి ఆ గంటకు పైనుంచే రక్షణ కావాలి. మూడునుంచి ఐదో తరగతి దాకా పాఠాల బరువు తగ్గించే ఉత్తర్వు దానితోపాటే రావాలి. రెండోది, బోధనేతర పనులు. యాప్‌లో హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు, సర్వేలు, ఎన్నికల విధులు: వీటిమధ్య చదివించే గంటే మొదట ఎగిరిపోతుంది. ఈ ఫిర్యాదులో అతిశయోక్తి లేదు. ఇంకో యాప్ తెచ్చి ఆ గంట జరిగిందో లేదో ఫొటో పెట్టమంటే సమస్య రెట్టింపవుతుంది.

గుంపులు చేస్తే వెనకబడిన పిల్లల మీద ముద్ర పడుతుందన్నది ఇంకో మాట. దీన్ని నేను బాగా పట్టించుకుంటాను, ఎందుకంటే మన ఊళ్లలో ముద్రలు కులంతో, వాడతో కలిసి వస్తాయి. కానీ రెండింటిమధ్య తేడా చూడాలి. కార్పొరేట్ బడుల్లో మార్కుల్నిబట్టి సెక్షన్లు విడగొట్టి రోజంతా, ఏడాదంతా అలాగే ఉంచడం ఒకటి. రోజులో ఒక గంట మాత్రమే, ఒక్క నైపుణ్యం కోసం, కొద్దివారాలకోసారి మారే గుంపులు ఇంకొకటి. మూడో తరగతి పిల్ల, ఐదో తరగతి పిల్ల ఒకే గుంపులో ఉంటారు కాబట్టి ఐదో తరగతి పిల్లకు కొంత చిన్నతనంగా ఉండవచ్చు. రోజూ ఆరు గంటలపాటు అర్థంకాని పుస్తకం ముందు మౌనంగా కూర్చోవడంకంటే అది పెద్ద అవమానమని నేను అనుకోను. గుంపు మారడమే ఇందులో కీలకం. జులైలో అక్షరాల గుంపులో ఉన్న పిల్ల జనవరిలోనూ అక్కడే ఉంటే, లోపం ఆ పిల్లది కాదు, ఆ గంటది.

ఇంగ్లిషు మీడియం వచ్చాక ఈ తెలుగు చదువు చర్చ ఎందుకు అని తల్లిదండ్రులు అడుగుతారు. తెలంగాణ 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో దశలవారీగా ఇంగ్లిషు మాధ్యమం ప్రవేశపెట్టింది, ఆంధ్రప్రదేశ్‌లో రెండు భాషల పాఠ్యపుస్తకాలు వచ్చాయి. బిడ్డకు ఇంగ్లిషు రావాలన్న తల్లి కోరికలో తప్పు లేదు. అది వాళ్ల జీవితాలు నేర్పిన పాఠం. కానీ ఇంటిలో వినే భాషలోనే చదవడం రాని పిల్లకు, వినని భాషలో చదవడం రావడం మరింత కష్టం. చదవడం అనే పని ఒక భాషలో ఒకసారి పట్టుబడితే రెండో భాషకు దారి వేస్తుంది. ప్రైవేటు బడికి పంపితే అన్నీ వస్తాయన్న నమ్మకం మీద కూడా ఇక్కడే ఒక పరీక్ష జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో లాటరీ వేసి కొందరు పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు చెల్లించారు. నాలుగేళ్ల తరువాత చూస్తే తెలుగులో, లెక్కల్లో వాళ్లకూ ప్రభుత్వ బడిలో ఉన్నవాళ్లకూ తేడా లేదు. ప్రభుత్వ బడుల్లో బోధించని హిందీలో మాత్రం ప్రైవేటువాళ్లు ముందున్నారు. తక్కువ ఖర్చుతో, తెలుగుకు, లెక్కలకు తక్కువ సమయం కేటాయించి అదే ఫలితం తెచ్చారన్న ఘనత ఆ బడులకు దక్కాలి. కానీ చదవడం రాని సమస్య యాజమాన్యం మారితే తీరదన్నది కూడా అదే అధ్యయనం చెప్పిన మాట.

ఫెయిల్ చేస్తే భయంతో చదువుతారు అనే వాదన మళ్లీ బలపడుతోంది. 2024 డిసెంబరులో కేంద్రం విద్యాహక్కు నిబంధనలు మార్చి ఐదు, ఎనిమిది తరగతుల్లో పిల్లల్ని అదే తరగతిలో ఆపే వీలు కల్పించింది. దీనికి మద్దతుగా అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రాన్ని చూపించేవాళ్లున్నారు. అక్కడ 2013 చట్టం ప్రకారం మూడో తరగతి చివర చదవడం రాకపోతే పైతరగతికి పంపరు. నాలుగో తరగతి పఠనంలో 2013లో దేశంలో 49వ స్థానంలో ఉన్న ఆ పేద రాష్ట్రం 2019కి జాతీయ సగటును అందుకుంది, 2024లో తొమ్మిదో స్థానానికి వచ్చింది. అయితే ఆ చట్టం వెంట వచ్చినవి చూడాలి. చదవడం ఎలా నేర్పాలో టీచర్లందరికీ లోతైన శిక్షణ ఇచ్చారు, బాగా వెనకబడిన బడులకు చదివించడంలో నిపుణులైన కోచ్‌లను పంపారు, మొదటి మూడు తరగతుల్లో ఏడాదికి పలుసార్లు పరీక్షించి తడబడిన పిల్లకు అప్పటికప్పుడే సాయం అందించారు. మూడో తరగతి గడప దగ్గర ఆపింది ఆ సాయమంతా అందించిన తరువాతే. మనం ఆ సాయం వదిలేసి, ఆపడాన్ని మాత్రం తీసుకుని, దాన్ని కూడా ఐదో తరగతికి జరిపాం. అప్పటికి పిల్ల చదవడం రాకుండానే రెండేళ్లు అదనంగా గడిపి ఉంటుంది. ఇది ఆ పిల్లకు చేసే అన్యాయమని స్పష్టంగా చెప్పదలిచాను.

ఇంటిలో చదువు లేకపోతే బడి ఏం చేయగలదు అనే నిస్పృహకు బ్రెజిల్‌లోని సోబ్రాల్ పట్టణం జవాబు. దేశంలోని పేద రాష్ట్రాల్లో ఒకటైన సియరాలో ఉంది అది. 2005లో బ్రెజిల్ జాతీయ విద్యాసూచీలో దాని స్థానం 1,366. 2017కు ప్రాథమిక విద్యలో మొదటి స్థానం. చిన్న తరగతుల్లోనే ప్రతి బిడ్డకూ చదవడం రావాలన్న ఒక్క లక్ష్యాన్ని పట్టుకుని, ప్రధానోపాధ్యాయుల్ని రాజకీయ సిఫార్సులు కాక ప్రతిభ చూసి ఎంపికచేసి, పిల్లలతో ఒక్కొక్కరితో గట్టిగా చదివించి చూసేవారు. ఆ చూసే మనిషి ఆ తరగతి టీచరు కాదు. మన దగ్గర ఈ చివరి సంగతి చాలా ముఖ్యం. అభిజీత్ సింగ్ మధ్యప్రదేశ్‌లో అధికారిక పరీక్షను మళ్లీ స్వతంత్రంగా పెట్టి చూస్తే, బడి చూపించిన మార్కులకూ వాస్తవానికీ పెద్ద దూరం బయటపడింది. ఆంధ్రప్రదేశ్‌లో చేసిన ప్రయోగంలో, పరీక్షను టాబ్లెట్ల మీద పెడితే ఆ తేడా చాలావరకు పోయింది. టీచర్లను అవమానించడానికి ఈ మాట చెప్పడం లేదు. తక్కువ మార్కులొస్తే తాఖీదు వచ్చే చోట మార్కులు పెరగడం సహజం. కొలతను శిక్షకు వాడితే కొలత చెడిపోతుంది, సాయానికి వాడితే నిలుస్తుంది.

సగటు మీద కూడా నాకు నమ్మకం తక్కువ. నీటిపారుదల ఇంజినీరు పనితనం తూము పక్కనున్న మడిని చూస్తే తెలియదు, కాలువ చివరి ఆయకట్టు తడిసిందా అని చూడాలి. బడి సగటు పెరగడానికి బాగా చదివే పది మందిని ఇంకాస్త ముందుకు నెడితే చాలు. కాబట్టి బడి గోడ మీద సగటు శాతం బదులు, అక్షరాల దగ్గర ఎంతమంది ఉన్నారు, పదాల దగ్గర ఎంతమంది, పేరా దగ్గర ఎంతమంది, కథ దాకా ఎంతమంది వచ్చారు, గత నెలలో ఏ మెట్టునుంచి ఎంతమంది పైకి కదిలారు అన్నది రాయాలి, పేర్లు లేకుండా. తల్లిదండ్రుల కమిటీలో చదువురాని తల్లికి కూడా అర్థమయ్యే లెక్క అది. నిమిషానికి ఎన్ని పదాలు చదివిందన్న లెక్కను మాత్రం జాగ్రత్తగా వాడాలి. ‘చదువుకోవాలనుకుంటున్నాను’ అనే వాక్యమంతా తెలుగులో ఒకే పదం. అందుకే 2022లో ఎన్‌సీఈఆర్‌టీ 20 భాషల్లో దాదాపు 86 వేలమంది మూడో తరగతి పిల్లల్ని పరీక్షించి, ప్రతి భాషకూ వేరే వేగాన్ని ప్రమాణంగా పెట్టింది. వేగం వెంటపడి అర్థం వదిలేస్తే పిల్లలు బట్టీ పట్టిన పద్యంలా గబగబా చదివేస్తారు. చదివినదాని గురించి ఒక్క ప్రశ్న అడిగితే చాలు, తేడా తెలిసిపోతుంది. వేగం సహజంగా రావాలంటే చదవడానికి పుస్తకాలుండాలి. ‘మంచి పుస్తకం’, నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్ ‘స్టోరీవీవర్’ తెలుగులో పిల్లల పుస్తకాలు తక్కువ ధరకు, కొన్నిటిని ఉచితంగా అందిస్తున్నాయి. బీరువాలో తాళం వేసి ఉంచితే వాటివల్ల ఉపయోగం లేదు, చినిగినా ఫరవాలేదని చెప్పి పిల్లల చేతికివ్వాలి. 1911లో విజయవాడ రామ్మోహన గ్రంథాలయంతో ఊరూరా పుస్తకం చేర్చే ఉద్యమానికి బాటవేసిన నేల మనది, అయ్యంకి వెంకటరమణయ్య తిరిగిన ఊళ్లు మనవి.

ఇంటి భాష తెలుగు కాని పిల్లల గురించి విడిగా చెప్పాలి. పాడేరు, ఉట్నూరు, సీతంపేట, భద్రాచలం వైపు బడుల్లో ఒకటో తరగతి పిల్లకు తెలుగు వాచకం పరభాషా పుస్తకమే. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాచకాలు రాసి, బడులు నడిపించారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. ఆ రోజు ఆయన చేసిన ఈ పనిని కూడా తలచుకుంటే బాగుంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2000 దశకంలో సవర, కొండ, కువి, ఆదివాసీ ఒరియా, కోయ, బంజారా, గోండి, కొలామీ అనే ఎనిమిది భాషల్లో తొలి తరగతుల బోధన మొదలైంది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా దాని మీద శ్రద్ధ పెరుగుతూ తగ్గుతూ వచ్చింది. ఆ బడుల్లో తెలుగు చదవడం రాలేదని శాతాలు లెక్కపెట్టేముందు, ఆ పిల్లకు అర్థమయ్యే మాటతో చదువు మొదలైందా అని అడగాలి.

ఇంతా చేసి మన టీచర్ల శిక్షణలో అన్నిటికంటే బలహీనంగా ఉన్నది ఈ ఒక్క పనే: చదవడం రాని బిడ్డకు చదవడం నేర్పడం. 1986 విద్యావిధానం తరువాత జిల్లాకొకటి వంతున వచ్చిన ఉపాధ్యాయ శిక్షణ సంస్థలు డైట్‌లలో బాలల మనోవిజ్ఞానం, విద్యా తత్వం, బోధనా పద్ధతులు అన్నీ ఉంటాయి. ఏ అక్షరాలు ఏ క్రమంలో చెబితే తెలుగు పిల్లకు త్వరగా పట్టుబడతాయి, వత్తుల దగ్గర తడబడే పిల్లతో ఏం చేయాలి అన్నవాటికి దక్కే సమయం స్వల్పం. తెలంగాణ 2024లో 11,062 పోస్టులకు టీచర్ల ఎంపిక పరీక్ష డీఎస్సీ నిర్వహించింది. ఆంధ్రప్రదేశ్ 2025లో 16,347 పోస్టులకు ప్రకటన ఇచ్చింది. ఇన్నేళ్ల తరువాత ఒక్కసారిగా ఇంతమంది కొత్త టీచర్లు రావడం అరుదైన అవకాశం. వీళ్లలో ప్రాథమిక తరగతుల టీచర్లు (ఎస్‌జీటీలు)గా చేరినవాళ్లు మొదటి ఏడాదిలో కొన్ని వారాలు, తమ స్కూల్ కాంప్లెక్స్‌లోనే పిల్లలకు చదవడం బాగా నేర్పుతారని పేరున్న సీనియర్ టీచరు తరగతిలో పక్కన కూర్చుని, ఒక గుంపును తామే తీసుకుని నేర్పి చూడాలి. హరియాణాలో పర్యవేక్షకులతో చేయించింది ఇదే. అందుకు కొత్త భవనమో, కొత్త యాపో అక్కర్లేదు. కాంప్లెక్స్ ప్రధానోపాధ్యాయులు ఆ సీనియర్ల పేర్లు గుర్తించి, మండల విద్యాధికారి (ఎంఈఓ) టైంటేబుల్ సర్దితే వచ్చే జూన్‌లో బడులు తెరిచిన వారంలోనే మొదలుపెట్టవచ్చు.